పసుపు గోలీలు, తెల్ల గోలీలు

గల్ఫ్‌కు పోయేవాడి సూట్‌కేసు వాడిది కాదు. కోరుట్లలో ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. సెలవు మీద వచ్చినవాడు తిరిగి పోయే రోజు దగ్గర పడగానే ఆ ఇంటి ముందు చెప్పులు గుంపు కడతాయి. ఒకరు మామిడికాయ తొక్కు తెస్తారు, ఒకరు సకినాలు తెస్తారు, ఒకరు కొడుకు దండచేతికి కట్టుకొమ్మని తాయెత్తు తెస్తారు. పోయేవాడు పాపం తన అంగీలు రెండు తీసి అవతల పెట్టి, మంది సామానంతా సర్దుకుంటాడు. కాదంటే ఎట్లా? రేపు తన వాళ్లు ఏదైనా పంపాలంటే మోసేది వీళ్లే.

ఆ మూటల్లో తొక్కుకు సమానంగా పోయేవి గోలీలు. అక్కడ డాక్టరు దగ్గరికి పోవాలంటే సగం దినం పని పోతుంది, సూపర్‌వైజరు సణుగుడు వినాలి, తనకేమైందో రాని భాషలో చెప్పుకోవాలి. ఇక్కడైతే ఆ బాధ లేదు. మెడికల్ షాపులో పాత చీటీ చూపిస్తే ఇస్తారు, చీటీ లేకపోతే గోలి రంగు చెప్పినా ఇస్తారు. నడుముకు, పంటికి, జ్వరానికి, కడుపుకు అన్నీ ఇక్కడి నుంచే. ఒక్క డాక్టరును తప్ప అన్నీ పంపుతాం మనం.

వసంత, హలీమాబీ ఇద్దరూ కలిసి ఒకే డబ్బా కట్టేవాళ్లు. ఇద్దరి ఇళ్లకూ నడుమ ఒకటే గోడ. వసంత భర్త రాజమల్లు ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసినవాడు, కోరుట్లకు దగ్గర్లోని ఇబ్రహీంపట్నం వైపు ఊరివాడు. గీతతో పొట్ట నిండక దుబాయ్ పోయి పన్నెండేళ్లయింది. వసంత కోరుట్లలో కిరాయికి ఉంటూ బీడీలు చేస్తుంది. హలీమాబీ ఆమెకంటే పదేళ్లు పెద్దది. ఆమె భర్త ఫజలుద్దీన్ పరుపులు కుట్టేవాడు, కొడుకు ఆమిర్ పదో తరగతిలో ఉండగా పోయాడు. అప్పటి నుంచి ఆమెకూ బీడీల చాటే దిక్కయింది. మధ్యాహ్నం పూట ఇద్దరూ ఒకే గడపలో చాటలు ఒళ్లో పెట్టుకుని, ఆకులో తంబాకు చుడుతూ, దారం కడుతూ, ఊళ్లోవాళ్లందరి సంగతులూ మాట్లాడుకునేవాళ్లు.

ఆమిర్‌ను దుబాయ్ తీసుకుపోయింది రాజమల్లే. "నా దగ్గరుంటడు అక్కా. నా కండ్ల ముందట ఉంటడు" అని మాటిచ్చి తీసుకుపోయాడు. అన్నట్టే ఒకటే కంపెనీ, ఒకటే క్యాంపు, ఒకటే గది. కింది మంచం రాజమల్లుది, పై మంచం ఆమిర్‌ది.

గోలీల కథ రాజమల్లు కడుపుతోనే మొదలైంది. మూడేళ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు అతనికి ఛాతీలో ఒకటే మంట, పుల్లటి తేన్పులు. వసంత బలవంతం మీద ఊళ్లోని డాక్టరమ్మ దగ్గరికి పోయారు. ఆమె పరీక్ష చేసి చీటీ రాసింది. పసుపుపచ్చ గోలి, పొద్దున లేవగానే పరగడుపున ఒకటి, తిండికి అరగంట ముందు. నమలొద్దు, నూరొద్దు, మింగాలి. ఎనిమిది వారాలు వాడి మళ్లీ వచ్చి కనిపించాలి. ఇంత చెప్పి, ఆ తిరిగి వచ్చి కనిపించే మాట దగ్గర చీటీ మీద గీత కూడా గీసింది.

ఎనిమిది వారాలకు రాజమల్లు ఎక్కడున్నాడు? దుబాయ్‌లో ఉన్నాడు. మంట పోయింది, గోలీలు అయిపోయాయి, మెస్సు కూర, ఉత్త కడుపు మీద చాయ మళ్లీ మొదలయ్యాయి, మంటా మొదలైంది. "ఆ పసుపు గోలీలు జర పంపు" అని ఫోన్ చేశాడు. వసంత అదే చీటీ పట్టుకుని షాపుకు పోయింది. తర్వాత ఎన్నిసార్లు పోయిందో ఏమో, చీటీ మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైతే టేపు వేసి అతికించుకుంది. చిరిగిన చీటీని అతికించుకోవాలని తోచింది గానీ కొత్త చీటీ రాయించుకోవాలని తోచలేదు. పనిచేసే గోలి చేతిలో ఉండగా డాక్టరెందుకు అనుకుంది. ఆ చీటీ ఎనిమిది వారాలదని ఆమెకు గుర్తు కూడా లేకపోయింది.

ఆమిర్‌ది నడుము నొప్పి. నేల మీద పరిచే రాతి పలకలు మోసే పని వాడిది. నడుము పట్టేసి లేవలేకపోతున్నానని తల్లికి చెప్పాడు. హలీమాబీకి మోకాళ్ల నొప్పులు ఏళ్ల నుంచీ ఉన్నాయి. వాడకట్టు ఆర్ఎంపీ ఇచ్చే తెల్ల గోలీలు వేసుకుని బీడీలకు కూర్చుంటుంది. నాకు పనిచేసింది నా కొడుక్కు పనిచేయదా అని, అవే పది పట్టీలు తెచ్చి డబ్బాలో పెట్టింది. పనిచేశాయి. వాడు రోజుకు రెండు, పని ఎక్కువున్న రోజు మూడు వేసుకుని పలకలు మోశాడు. పొద్దున నాలుగింటికే బస్సెక్కాలి గనుక తిని వేసుకునేది లేదు, చాయ మీదే వేసుకునేవాడు.

కొన్నాళ్లకు వాడికీ కడుపులో మంట లేచింది. రాజమల్లు తన పసుపు గోలి ఒకటి ఇచ్చి "ఇది ఏసుకో, గడియల తగ్గుతది" అన్నాడు. తగ్గింది. ఆ తర్వాత మంట లేచినప్పుడల్లా ఒకటి. ఈ సంగతి తెలిసి వసంత ఆ మాటు పసుపు గోలీలు రెండింతలు కట్టింది. "హలీమక్కా, నీ కొడుక్కు గూడ పెట్టిన" అని చెబితే హలీమాబీ చాట పక్కన పెట్టి ఆమె గడ్డం పట్టుకుంది.

"నా తెల్ల గోలి వాని నడుము జూసుకుంటది. నీ పసుపు గోలి వాని కడుపు జూసుకుంటది. ఇగ మనమిద్దరం ఆడ ఉన్నట్టే చెల్లె" అంది.

వసంత మురిసిపోయింది. ఆ పూట బీడీలు కూడా రోజుకంటే ఎక్కువే చేసింది. తర్వాత ఆ మాట తలుచుకుని ఆమె ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు.

వానాకాలం నడిమిట్లో ఆమిర్ పోయాడు. ఇరవై ఆరేళ్లు. స్నానాల గదిలో పడిపోయాడని, దవాఖానకు తీసుకుపోయేసరికే అంతా అయిపోయిందని మొదట ఫోనొచ్చింది. శవం పెట్టె రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. పెట్టె వెంట వచ్చిన కాగితంలో గుండె ఆగి చనిపోయాడని ఉంది. ఎవరిదైనా గుండె ఆగకుండా ప్రాణం పోతుందా? ఆ కాగితాలన్నింటిలో అదే ఉంటుంది, కోరుట్ల నిండా అలాంటి కాగితాలే. వచ్చినవాళ్లంతా చిన్న వయసుల గుండెపోటు అన్నారు, ఎండలు అన్నారు, అల్లా రాసిపెట్టిండు అన్నారు. హలీమాబీ మాత్రం కన్నీరు లేకుండా పెట్టె వెంట వచ్చిన సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మట్టి చేసిన నాలుగో రోజు రాజమల్లు వసంతకు ఫోన్ చేశాడు. 

"వసంతా, అది గుండెపోటు గాదు" అన్నాడు. "కక్కిండు. నల్లగ, డికాషన్ లెక్క. బకెట్ల సగం. దవాఖానల కేరళ నర్సమ్మ ఏం గోలీలు మింగిండు అని అడిగితే దిండు కిందియి తెచ్చి సూపెట్టిన. కడుపుల పుండు పడ్డదట. ఎన్నో దినాల సంది నెత్తురు కారిందట లోపట."

రాజమల్లు ఆగలేదు.

"ఇంకో ముచ్చట. పోయేదానికి తొమ్మిది దినాల ముందు నాకు జెప్పిండు వాడు. చాచా, దొడ్డికి నల్లగ అయితుంది అన్నడు. వేడి జేసింది తియ్యి, మజ్జిగ తాగు అన్న. గంతే అన్న నేను." కాసేపు ఏడుపే వినిపించింది. "అక్కకు జెప్పకు. నీకు దండం బెడత. నేను మొఖం ఎట్ల సూపెట్టాలె?"

వసంతకు ఆ రోజు నుంచి ముద్ద దిగలేదు. తన గోలీలు విషమయ్యాయా? మరి అవే గోలీలు మొగుడు మింగుతున్నాడు కదా? ఆగలేక టేపు వేసిన చీటీ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఎవరి కొడుకో చెప్పకుండా, జరిగింది మాత్రం చెప్పింది.

డాక్టరమ్మ చీటీ మీది తారీఖు చూసి తలెత్తింది. "మూడేండ్లా? ఎవరినడిగి?" అంది. తను గీసిన గీత వేలితో చూపించింది.

"గోలి చెడ్డది కాదమ్మా. పుండు మానేందుకే రాసిన. రోజూ పరగడుపున, చెప్పినన్ని రోజులు ఏసుకుంటే మానుస్తది. మంట లేచినప్పుడల్ల ఒకటి మింగితే మంట పోతది, పుండు ఉంటది. దాని మీద నొప్పి గోలీలు ఉత్త కడుపుల రోజుకు మూడు పడితే ఏమైతది? పుండు పెద్దగైతది. మంట లేదు గదా అని మనిషి పనికి పోతడు." ఆమె చీటీ పక్కన పెట్టింది. "దొడ్డికి నల్లగ, జిగటగ, తారు లెక్క అయిందంటే అది వేడి గాదు, నెత్తురు. ఆ దినమే దవాఖానకు పోవాలె, మర్నాడు దాక ఆగొద్దు. కక్కింది నల్లగున్నా గంతే. మనిషి చిక్కిపోయినా, ముద్ద దిగకపోయినా డాక్టరు సూడాలె. మీ ఆయనను గూడ రమ్మను, కడుపులకు గొట్టం ఏసి పరీక్ష చేద్దాం."

ఆమె ఓదార్చలేదు. వసంత ఓదార్పు కోసం పోలేదు కూడా. అసలు సంగతి మాత్రం వసంతకు అప్పుడు అర్థమైంది. పుండు తెల్ల గోలీది. దాన్ని కప్పిపెట్టింది పసుపు గోలి. హలీమాబీ పెట్టింది ఒకటి, తను పెట్టింది ఒకటి. ఇద్దరూ ప్రేమతోనే పెట్టారు. ఈ మాట ఆ తల్లికి ఏ నోటితో చెప్పాలి? చెబితే ఏమొస్తుంది, చచ్చిన పిల్లగాడు లేచొస్తాడా? కొడుకు గుండె ఆగి పోయాడనుకునే తల్లి ఏడుస్తుంది, ఎప్పటికో ఒకప్పుడు తేరుకుంటుంది. తన చేత్తో పెట్టిన గోలితో పోయాడని తెలిసిన తల్లి తేరుకుంటుందా? వసంత చెప్పొద్దనుకుంది. అందులో దయ ఎంతో భయం కూడా అంతే ఉంది. నిజం తెలిస్తే హలీమాబీ ఈ గడపలోకి మళ్లీ రాదని ఆమె భయం.

నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక హలీమాబీ కూతురు మెహ్రీన్ వచ్చి తల్లిని తంగళ్ళపల్లి తీసుకుపోయింది. అక్కడ మెహ్రీన్ భర్త సాంచాల మీద బట్ట నేస్తాడు. పోయేటప్పుడు హలీమాబీ ఆమిర్ సంచి ఒక్కటే పట్టుకుని ఆటో ఎక్కింది. గోడ అవతల చప్పుడు లేకుండా పోయింది. వసంత ఒక్కతే గడపలో కూర్చుని బీడీలు చేసుకుంది. ఆకు కత్తిరించడానికి ఎప్పుడూ ఇంత పొద్దు పట్టలేదు.

నెల తిరగకముందే ఒకనాటి మధ్యాహ్నం మెహ్రీన్ ఫోన్ చేసింది.

"చాచీ, అమ్మీ లేస్తలేదు. మొఖం సున్నం లెక్క తెల్లగైంది. రెండు ముద్దలు తిని సాలంటది. దవాఖానకు పా అంటే నాకేం గాలే అంటది. నీ మాటైతే ఇంటదని చేసిన."

ఫోన్ చేతులు మారింది. హలీమాబీ గొంతు సన్నబడిపోయింది.

"ఏం లేదు చెల్లె. దీనికంతా పరేషానే. నీరసం గంతే. మోకాళ్లు గూడ నొస్తలెవ్వు. పిలగాని సంచిల గోలీలున్నయి గద, నావీ నీవీ. వాడు మిగిల్చినయి. పారెయ్య మనసొప్పలే. పొద్దుగాల రెండు తెల్లయి, మాపటికి ఒకటి. మంటనిపిస్తే నీ పసుపుది. వాడు మింగినట్టే మింగుతున్న. వాని పని నేను ముగిస్తున్న అనుకుంట."

 వసంత అడిగింది.

"అక్కా, దొడ్డికి ఎట్ల అయితుంది?"

అవతల చిన్న నవ్వు. "గిదేం అడుగుడే? నల్లగనే అయితుంది. వేడి."

"ఎన్ని దినాల సంది?"

"నాలుగైదు దినాలు."

"అక్కా, ఇప్పుడే దవాఖానకు పో. ఆ గోలీలు బంజెయ్. ఒక్కటి గూడ మింగకు."

"ఎందుకే? మంచిగనే పనిజేస్తున్నయి గద. నొప్పి లేదు, మంట లేదు. దవాఖానకు పోయి ఏమని జెప్పాలె?" హలీమాబీ గొంతు మెత్తబడింది. "గియి వాని గోలీలు వసంతా. వాడు ముట్టినయి. నేనెవ్వలికియ్య."

వసంత మళ్లీ మెహ్రీన్‌తో మాట్లాడింది. గోలీలు గుంజుకో, ఆటో పిలువు అని చెప్పింది. సంచి తల కింద పెట్టుకుని పడుకుంటుందని, ముట్టుకుంటే చెయ్యి పట్టి నెట్టేస్తుందని మెహ్రీన్ ఏడ్చింది. అప్పుడర్థమైంది వసంతకు, ఉత్త మాటలు చెబితే ఆమె కదలదు. ఆ గోలీలు ఆమెకు గోలీలు కావు. అవి కొడుకును ఏం చేశాయో చెబితేనే వదులుతుంది. దాచిపెడితే తల్లి కూడా కొడుకు వెంటే పోతుంది. చెబితే మనిషి దక్కుతుందేమో, తనకు మాత్రం దక్కదు.

రాజమల్లుకు ఫోన్ చేసింది. అతను విని, "ఇంకేదన్న అబద్ధం జెప్పరాదు" అన్నాడు.

"ఏం అబద్ధం జెప్పాలె? నువ్వే జెప్పు" అంది.  "నేను పోతున్న" అని పెట్టేసింది.

తడిపిన ఆకు తడిపినట్టే వదిలేసి బస్టాండుకు పోయింది. కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడ బస్సు మారి సిరిసిల్ల, దాని పక్కనే తంగళ్ళపల్లి. బస్సులో కూర్చున్నంతసేపూ మాటలు కూర్చుకుంది. మొదట డాక్టరమ్మ ఇలా చెప్పిందని మొదలుపెట్టాలా? మొదట తన పసుపు గోలి మాట చెప్పాలా? తెల్ల గోలి మాట దాటేసి అంతా తన గోలి మీదే వేసుకుంటే ఎట్లా ఉంటుంది? అదే బాగుందనుకుంది. మళ్లీ అప్పుడు హలీమాబీ పసుపువి పారేసి తెల్లవే మింగుతుంది కదా అని తోచి, ఆ ఉపాయం అక్కడే వదిలేసింది. వేములవాడ బస్టాండులో బస్సు కోసం నిలబడ్డ ఇరవై నిమిషాలు ఆమెకు ఊపిరాడలేదు. సగం దినం పోయిందని కండక్టరు మీద కోపం, దేవుడి మీద కోపం, ఎనిమిది వారాల మాట మరిచిపోయిన తన మీద అన్నిటికంటే కోపం.

తంగళ్ళపల్లిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. సాంచాల చప్పుడు వీధంతా ఉంది. రెండు గదుల ఇంట్లో హలీమాబీ చాప మీద పడుకుని ఉంది. వసంతను చూసి లేవబోయి, కండ్లు తిరిగి మళ్లీ దిండు మీద వాలింది. పెదవుల్లో నెత్తురు లేదు. గోళ్లు తెల్లగా ఉన్నాయి.

"గింత దూరం అచ్చినవా పిచ్చిదానా" అంది. నవ్వింది కూడా.

మెహ్రీన్‌ను ఆటో పిలవమని పంపి, వసంత చాప మీద కూర్చుంది. కూర్చుకున్న మాట ఒక్కటీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"అక్కా, ఆమిర్‌ది గుండెపోటు గాదు. కడుపుల పుండు పడి నెత్తురు పోయింది. తెల్ల గోలీలతోటి పుండు పడ్డది. నా పసుపు గోలీలతోటి మంట తెల్వలే. వాడు నొప్పి లేదనుకొని పని జేసిండు. దొడ్డికి నల్లగ అయింది వానికి గూడ. అది నెత్తురు. ఇప్పుడు నీకయ్యేది గూడ అదే. రాజమల్లు నాకు ఎప్పుడో జెప్పిండు. నేను నీకు జెప్పలే."

హలీమాబీ రెప్ప వాల్చకుండా చూసింది. వసంత ఆగకుండా చెప్పింది, ఆగితే మళ్లీ చెప్పలేనని.

"వాడు రాజమల్లుకు జెప్పిండు అక్కా, నల్లగ అయితుందని. ఈయన వేడి అన్నడు. తెల్వక అన్నడు. మాదే తప్పు, ఇద్దరిది. నన్నేమన్న అను. గని ఆ సంచి ఇయ్యి, దవాఖానకు పోదాం."

హలీమాబీ అరవలేదు, కొట్టలేదు, శాపం పెట్టలేదు. అలా చేసినా వసంతకు కొంత బరువు దిగేది.  ఆమె తల కింది నుంచి సంచి తీసి, అందులోంచి గోలీల పట్టీలు ఒక్కొక్కటే తీసి చాప మీద పెట్టింది. తెల్లవి ఒక పక్క, పసుపువి ఒక పక్క. ఖాళీ సంచి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. ఆటో వచ్చాక వసంత చెయ్యి పట్టుకోబోతే పక్కకు జరిగి, మెహ్రీన్ భుజం పట్టుకుని ఎక్కింది.

సిరిసిల్ల దవాఖానలో రెండు సీసాల నెత్తురు ఎక్కించారు. గొట్టం వేసి చూసి పుండు ఉందన్నారు, ఇంకో వారం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు. మోకాళ్లకు ఆ తెల్ల గోలీలు ఇక జన్మలో ముట్టొద్దన్నారు. కడుపు మందు మాత్రం వాళ్లే ఒక లెక్క ప్రకారం ఇచ్చారు. ఎప్పుడు వేసుకోవాలో, ఎన్నాళ్లు వేసుకోవాలో, మళ్లీ ఏ రోజు వచ్చి చూపించుకోవాలో మెహ్రీన్‌తో రెండుసార్లు చెప్పించుకున్నారు.

మూడు రోజులు వసంత అక్కడే ఉంది. జావ తాగించింది, తల దువ్వింది, బట్టలు మార్చింది. హలీమాబీ నోరు తెరవమంటే తెరిచింది, తిరగమంటే తిరిగింది. వసంతతో ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్కసారి ముఖం చూడలేదు. ఇంతేనని వసంత కూడా మనసుకు చెప్పుకుంది. మనిషి బతికింది, అది చాలు. ఇన్నేళ్ల స్నేహం పోతే పోయింది. అలా చెప్పుకుంటూనే వార్డు బయట నల్లా దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

మూడో రోజు సాయంత్రం రాజమల్లు ఫోన్ చేశాడు. వసంత ఫోన్ స్పీకర్‌లో పెడితే తప్ప వినిపించదు. అందుకని లేచి బయటికి పోబోయింది. "అక్క ఎట్లుంది?" అన్న మాట అప్పటికే వార్డులో వినిపించింది. హలీమాబీ చెయ్యి చాపింది. మంచం మీద నుంచి, సూది గుచ్చిన చెయ్యే చాపింది. వసంతకు ఇవ్వక తప్పలేదు. "అక్కకిస్తున్న" అంది.

"అక్కా" అన్నాడు రాజమల్లు, ఎవరి చేతిలో ఉందో తెలిసి. "నన్ను కొట్టు అక్కా. నా కండ్ల ముందట ఉంటడని తెచ్చుకున్న. నాకు జెప్పిండు వాడు. నా నోరు పడిపోను, వేడి అన్న. అప్పుడే దవాఖానకు తోలుకపోతే బతుకుతుండె వాడు. నేనే పోగొట్టిన."

హలీమాబీ అతన్ని ఏడవనిచ్చింది. తర్వాత అడిగింది.

"ఏ దినం జెప్పిండు నీకు?"

"ఏందక్కా?"

"నల్లగ అయితుందని. ఏ దినం జెప్పిండు?"

రాజమల్లు తడుముకున్నాడు. "సోమారం. డ్యూటీ నుంచి అచ్చినంక."

హలీమాబీ కండ్లు మూసుకుంది.

"నాకు ఐతారం జెప్పిండు" అంది. "ఫోన్ల. అమ్మీ, నల్లగ అయితుంది అన్నడు. వేడి బేటా, సబ్జా గింజలు నానబెట్టుకొని తాగు అన్న. నాకే ముందు జెప్పిండు రాజమల్లూ. నీకు గాదు. నువ్వు ఏడ్వకు."

ఫోన్ వసంత చేతిలో పెట్టింది. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. కొడుకు పోయిననాటి నుంచి రాని ఏడుపు ఆమెకు అప్పుడు వచ్చింది.